పన్నీటి జ్ఞానస్నానం

1936 వానాకాలం. ఏలూరు విచారణలో ఆడవాళ్ళకు జపాలు, ఉపదేశం నేర్పే పని నాది. విచారణ అంటే ఒక కతోలిక గురువు చూసుకునే ఊళ్ళన్నీ. మా ఊళ్ళలో కొన్ని కొల్లేటి లంకల్లో ఉండేవి. నేను బడికి వెళ్ళినదాన్ని కాను. మా నాన్నగారు ఇంట్లో పలక మీద దిద్దించిన అక్షరాలతోనే ప్రభువు నాకింత పని అప్పగించాడు. భీమడోలు దాకా రైలు, అక్కణ్ణుంచి బండి, చివరికి దోనె. తాటిమాను తొలిచి చేసిన ఆ దోనెలో బెదరకుండా కూర్చోవడమే నాకు పెద్ద చదువైంది.

వరద రోజుల్లో గురువులు లంకలకు రాలేరు. పుట్టిన బిడ్డ దక్కేలా లేకపోతే పక్కనున్నవాళ్ళెవరైనా బాప్తిస్మం, మా మాటలో జ్ఞానస్నానం, ఇవ్వవచ్చునని తిరుసభ నియమం. తల మీద నీళ్ళు పోస్తూ, "పిత పుత్ర పవిత్రాత్మ నామమున నీకు జ్ఞానస్నానమిస్తున్నాను" అనాలి. నేను ప్రతి లంకలోనూ అమ్మమ్మలకూ మంత్రసానులకూ ఇది వల్లె వేయించేదాన్ని. "మంచినీళ్ళు పోసి, మాటలు తప్పు లేకుండా పలకండి" అని చెప్పేదాన్ని.

ఆ యేడు ఒక లంకలో దోనె దిగుతూండగానే అన్నమ్మగారు ఎదురొచ్చింది. పెద్దావిడ. ఆవిడ గొంతు అవతలి లంకకు కూడా వినిపిస్తుంది.

"పంతులమ్మగారూ! మా కోడలు ఆరోగ్యానికి మగపిల్లాడండీ. నెలలు నిండలేదు, ఊపిరి అందలేదు. మీరు చెప్పినట్టే నేనే జ్ఞానస్నానం ఇచ్చేశానండీ. విచారణ స్వాములవారొస్తే నన్ను మెచ్చుకుని తీరాలి!"

లోపలికి వెళ్ళాను. పాత చీర ముక్కలో గుప్పెడంత బిడ్డ. రొమ్ము పట్టే బలం లేదు. ఆరోగ్యం అన్నది ఆ కోడలి పేరు. ఆమె పాలు పిండి, గుడ్డ వత్తితో పెదాల మీద అద్దుతోంది.

"పాపం, వీడు ఉంటాడో లేదో తెలీదండీ," అంది నాతో. "జ్ఞానస్నానం అయింది గదా, అదొక్కటే నా ధైర్యం."

ఇలాంటప్పుడు మేము మూడు ప్రశ్నలు అడగాలి. ఎవరు పోశారు, ఏమని పలికారు, ఏ నీళ్ళు పోశారు. మొదటి రెండింటికీ అన్నమ్మగారు తడుముకోకుండా చెప్పింది. మాటలు ఒక్కటీ తప్పు పోలేదు.

"మరి నీళ్ళు?"

"మీరేగదండీ మంచినీళ్ళన్నారు! వరదకి కొల్లేరంతా ఎర్రగా ఉంది, కుండలో నీళ్ళు కూడా బురద కంపే. అవి మంచినీళ్ళేంటండీ? మరియమ్మగారి పండక్కి తేరు మీద చల్లుదామని ఏలూరులో అత్తరు సాయిబు దగ్గర కొన్న పన్నీరుందిగదా, బుడ్డి మొత్తం పోసేశాను. పిల్లాడు గుమగుమలాడిపోయాడనుకోండి!"

వాన నీళ్ళు, చెరువు నీళ్ళు, బావి నీళ్ళు, సముద్రం నీళ్ళు, ఏవైనా చెల్లుతాయి. కొబ్బరి నీళ్ళు చెల్లవు. పన్నీరుతో ఇచ్చినది చెల్లిందని ఎవరూ గట్టిగా చెప్పలేరు. ఆ అనుమానంతో బిడ్డను వదిలి దోనె ఎక్కడానికి లేదు. చెబితే ఈ పెద్దావిడ ముఖం ఏమవుతుంది? ఆ బాలింత ధైర్యం ఏమవుతుంది? మనసులో మరియమ్మగారికి ఒక్క మంగళవార్త జపం చెప్పుకుని, అన్నమ్మగారిని వసారాలోకి పిలిచి ఉన్న మాట చెప్పాను.

ఆవిడకు కోపం వచ్చింది. "పన్నీరు కంటే ఈ పాచినీళ్ళు గొప్పవంటారా? మావాడు అంత లోకువయ్యాడా?"

"అన్నమ్మగారూ, ప్రభువు జ్ఞానస్నానానికి యొర్దానులో దిగినప్పుడు ఆయనకెవరు పన్నీరు పోశారండీ? అదీ ఏరే. అందులోనూ బురద ఉండే ఉంటుంది."

ఆవిడ కోపం దిగిపోయింది. "అయితే నా చేత్తో నేనే చెడగొట్టానా అమ్మాయ్?"

"ఏం చెడలేదండీ. ప్రేమ ఎక్కువైంది, నీళ్ళు మరిచారు, అంతే. మళ్ళీ మీరే పొయ్యండి."

"నేనేనా?" అంది. నేను పోస్తాననుకుంది కాబోలు.

ఇంతలో తాటాకు దడి అవతలి నుంచి ఆరోగ్యం గొంతు. అంతా వింటూనే ఉంది. "బురదైతే బురదే అత్తా! వాదన తర్వాత, ముందు పొయ్యండి."

అన్నమ్మగారు చెంబుతో కొల్లేటి నీళ్ళు తెచ్చింది. "చిల్లగింజ అరగదీసి తేటపరచనా?" అని అడిగింది. అంతసేపు ఆగవద్దన్నాను. అయినా మనసొప్పక ఉతికిన గుడ్డలో వడగట్టింది. మొదటిది చెల్లి ఉంటే రెండోసారి ఇవ్వకూడదు గనక, "నీవు ఇంతకుముందు పొందియుండనిచో" అనే షరతు మాట ముందు చేర్చి పలికించాను. ఆవిడ ఒక్క మాటా తప్పకుండా పలుకుతూ నీళ్ళు పోసింది.

చల్లటి నీళ్ళు తలకు తగలగానే పిల్లాడు కెవ్వుమన్నాడు.

"అమ్మ దొంగా! పన్నీటికి కిక్కురుమనలేదే," అంది అన్నమ్మగారు కళ్ళొత్తుకుంటూ. "కొల్లేటివాడు, కొల్లేటి నీళ్ళు గుర్తుపట్టాడు!"

ఆరోగ్యం ముఖంలో ఆ కాన్పు తర్వాత మొదటిసారి నవ్వు చూశాను.

దేవుడి దయవల్ల పిల్లాడు నిలబడ్డాడు. వరద తీశాక గురువుగారు లంకకు వచ్చి, పవిత్ర తైలం పూయడం వంటి మిగిలిన కార్యాలు పూర్తి చేసి రాయప్ప అని పేరు పెట్టారు. ఆయన కూడా అవే మూడు ప్రశ్నలు అడిగారు.

"మొదట పన్నీరండీ, అది లెక్కలోకి రాలేదంటండీ," అంది అన్నమ్మగారు. "తర్వాత కొల్లేరండీ. అది వచ్చిందంటండీ."

ఆయన నవ్వాపుకోలేక పుస్తకం ముఖానికి అడ్డం పెట్టుకున్నారు.

ఆ తర్వాత ఉపదేశంలో మంచినీళ్ళన్న మాట మానేశాను. ఏ ఇంటి ముందు కూర్చున్నా, "ఇప్పుడు మీ చేతికందే నీళ్ళు ఏవమ్మా?" అని అడుగుతాను. వాళ్ళు చూపించిన బిందె మీద చెయ్యి వేసి, "ఇవి చాలు" అంటాను. పన్నీరు లేని ఇళ్ళు మా సీమలో ఎన్నో ఉన్నాయి. నీళ్ళు లేని ఇల్లు మాత్రం నేను చూడలేదు. ప్రభువు అడిగింది ఆ నీళ్ళనే. అందుకే ఏ గుడిసెలోనూ ఏ తల్లీ "మా దగ్గర లేవండీ" అనవలసిన పని లేకపోయింది.