తలుపు మూసుకునే గది

మా ఇంట్లో ఆడపిల్లకి సొంత గది పెళ్ళయ్యాకే వస్తుంది. అప్పటిదాకా నడవలోనో, వల్లిమ్మ మంచం పక్కనో, చాప ఎక్కడ పడితే అక్కడే. వల్లిమ్మ అంటే మా అమ్మమ్మ. మా పేట కుట్టిచిరలో ఆడవాళ్ళెవరూ అత్తారింటికి వెళ్ళరు. మగవాళ్ళే పొద్దుగూకాక మగ్రిబ్ నమాజు చేసుకుని భార్యల గదులకి వచ్చి, తిని పడుకుని, తెల్లారగానే తమ పుట్టిళ్ళకి పోతారు. అలా వచ్చే అల్లుణ్ణి పుదియాప్ల అంటాం, కొత్త పెళ్ళికొడుకని. జుట్టు నెరిసినా, పళ్ళూడినా కొత్త పెళ్ళికొడుకే.

తన్సీలాకి గది కావలసి వచ్చింది పెళ్ళి కోసం కాదు, సినిమా కోసం.

తన్సీలా మా పెద్దమ్మ కూతురు, నా ఈడుదే. అమ్మకి పక్షవాతం వచ్చి నేను పదో తరగతి మధ్యలో ఇంట్లో ఉండిపోయాను. అది మాత్రం చదువుకుంటూ పోయి మీడియా కోర్సులో చేరింది. ఆఖరి సంవత్సరంలో చిన్న సినిమా ఒకటి తీయాలి, పత్రిక ఒకటి సొంతంగా డిజైన్ చేయాలి. కిందటేడు రెండూ ఇవ్వలేకపోయింది. కాలేజీలో కంప్యూటర్లు ఖాళీ అయ్యేది సాయంత్రమే. సాయంత్రానికి మా ఇంటి ఆడపిల్లలంతా ఇంట్లో ఉండాలి, పుదియాప్లలకి పళ్ళేలు సర్దాలి.

"ఇంకొక్క ఏడు చూస్తాను. ఈసారీ గట్టెక్కకపోతే చదివింది చాలు" అని వల్లిమ్మ తేల్చేసింది.

బయటికి వెళ్ళి తీసే వీలు లేదు కాబట్టి, కెమెరా, లాప్‌టాప్ అరువు తెచ్చుకుని ఇంట్లోనే మొదలుపెట్టింది. నన్ను సహాయానికి పెట్టుకుంది. స్టీలు పళ్ళెం పట్టుకుని వెలుతురు ఎటు తిప్పమంటే అటు తిప్పడం నా పని. షాటు అయ్యాక కూడా కెమెరా ఆపకుండా అది కాసేపు అరచెయ్యి పైకెత్తి ఉంచేది. ఆ చెయ్యి దిగేదాకా ఎవరూ కదలకూడదు, మాట్లాడకూడదు. మా ఇంట్లో అది జరిగే పనేనా? చెయ్యి లేవగానే వంటింట్లో మిక్సీ తిరిగేది, మేడ మీద ఎవడో పిల్లాడు తన్నులు తినేవాడు. ఒకసారి అరటిపండు ఉన్నక్కాయలు నూనెలో వేగుతుంటే దగ్గర నుంచి తీసింది. రెండోసారి తీద్దామని చూస్తే పళ్ళెం ఖాళీ.

"ఎవరు తిన్నారు?"

"తినక, ఫోటోలు దిగడానికా చేసింది?" అంది సైనాబి పిన్ని మూతి తుడుచుకుంటూ.

పిన్నులెవరూ మొహాలు తీయనివ్వలేదు. "చేతులు తీసుకో, కాళ్ళు తీసుకో, మొహం జోలికి రాకు" అన్నారు. అందుకని పత్రికకి తలుపుల ఫోటోలు తీసింది. పేజీకో గది తలుపు. ఒక్కో తలుపు పక్కన కొంచెమే రాసి, మిగతాదంతా తెల్లగా వదిలేసింది. ఆ పేజీలు చూసి సైనాబి పిన్ని జాలిపడింది.

"సగం కాగితం ఖాళీగా ఉందేమే? రాయడానికి ఏమీ దొరకలేదా?"

"ఖాళీ ఉంటేనే అందం పిన్నీ. కంటికి ఊపిరాడుతుంది."

"మనింట్లో ఇంత ఖాళీ కనిపిస్తే ఈపాటికి ముగ్గురు పిల్లలు పడుకునుండేవాళ్ళు."

అందరూ నవ్వారు. తన్సీలా కూడా నవ్వి, పేజీ మూసేసింది.

మేం తీయని తలుపు ఒకటి మిగిలింది. అది ఖదీశాబి పిన్నిది. పిన్ని చనిపోయాక ఆ గదికి తాళం పడింది. తాళంచెవి వల్లిమ్మ నడుముకి ఉంటుంది. సందు వైపు కిటికీ, లావుపాటి చెక్క తలుపు. మూస్తే లోపలికి చీమ నడిచిన చప్పుడు కూడా రాదు. సినిమాకి మాటలు రికార్డు చేయడానికీ, ముక్కలు అతకడానికీ ఇల్లంతటికీ అదొక్కటే చోటు.

"వల్లిమ్మా, పరీక్షలయ్యేదాకా ఇవ్వరాదూ?"

"ఆ గది పుదియాప్ల కోసం కట్టించింది. నీ కంప్యూటరు పెట్టె కోసం కాదు."

ఆ గదికి పుదియాప్ల ఉన్నాడు కూడా. ఇంబిచ్చికోయ ఎళాప్ప, అంటే మా బాబాయి, ఖదీశాబి పిన్ని భర్త. కల్లాయిలో కలప డిపోలో లెక్కలు రాసి రిటైరయ్యాడు. పెళ్ళయినప్పటి నుంచీ సాయంత్రమయితే ఈ ఇంటికి రావడం తప్ప ఆయనకి వేరే సాయంత్రం తెలీదు. భార్య పోయాక గది లేదు. గది లేని పుదియాప్లకి నడవ దాటి లోపలికి వచ్చే దారి లేదు. అయినా మగ్రిబ్ అయ్యేసరికి కాళ్ళు ఇటే తీసుకొస్తాయి. వసారాలో కూర్చుని సులైమాని, అదే పాలు లేని నిమ్మకాయ టీ, తాగి, గ్లాసు కింద పెట్టి, లేచి వాళ్ళ చెల్లెలింటికి పోతాడు. అక్కడా ఆయనకి ముందు గదిలో బల్లే పడక.

మొహం చూపించడానికి ఒప్పుకున్న మనిషి ఆయనొక్కడే. తన్సీలా సినిమా అలా ఆయన సినిమా అయింది.

మొదటి వారం తీసినదంతా పనికిరాలేదు. టీ పోసేటప్పుడు నీలం చొక్కా, తాగేటప్పుడు గళ్ళ చొక్కా. "కంటిన్యుటీ ఉండాలి ఎళాప్పా. ఒకే సాయంత్రం అనిపించాలి" అని చెప్పింది తన్సీలా. ఆయనకి ఆ మాట తెగ నచ్చింది. ఆ తర్వాత రోజూ అదే తెల్లచొక్కా ఉతికి ఆరేసుకుని వేసుకొచ్చేవాడు. టీలో నిమ్మరసం తగ్గితే "నసీబా, కంటిన్యుటీ పోయిందమ్మా" అనేవాడు నాతో.

షూటింగ్ అయిపోయింది, ముక్కలు అతకడానికి చోటు లేదు. గడువు దగ్గర పడుతోంది. మెట్ల కింద దుప్పటి కప్పుకుని గొంతు రికార్డు చేసింది. విని చూస్తే దాని మాటల మధ్య సైనాబి పిన్ని చేపలవాడితో బేరం. ఆ రోజు తన్సీలా ఏడవలేదు గాని, పళ్ళెం ముందు కూర్చుని బియ్యప్పిండి పత్తిరిని ముక్కలు చేస్తూనే ఉంది, తినలేదు.

ఆ వారమే పక్క పేట ఇడియంగర నుంచి సంబంధం వచ్చింది. పిల్లాడికి పాత్రల దుకాణం. తన్సీలా వద్దంటుందని అందరికీ తెలుసు. వల్లిమ్మ నడుము నుంచి తాళంచెవి తీసి ఒళ్ళో పెట్టుకుంది.

"సరే అను. గదికి రేపే రంగు వేయిస్తాను. పెళ్ళి నీ పరీక్షలయ్యాకే. అప్పటిదాకా ఆ గదిలో నువ్వు కూర్చున్నా సరే, నీ పెట్టె కూర్చున్నా సరే."

తన్సీలా వల్లిమ్మ మొహం చూడలేదు, ఒళ్ళోని తాళంచెవినే చూసింది. చెయ్యి చాపింది.

"ముందు తాళం" అంది.

"నా మనవరాలివే" అంది వల్లిమ్మ సంతోషంగా.

రంగు వాసన పోకముందే అది లోపల చేరింది. తలుపు మూసుకుని ఎళాప్ప సాయంత్రాలన్నీ ఒక సాయంత్రంగా అతికింది. ఖదీశాబి పిన్ని తలుపు ఫోటో పత్రిక ముఖచిత్రమైంది. అన్నీ గడువులో ఇచ్చేసింది. అంత తేలిగ్గా దాన్ని ఎప్పుడూ చూడలేదు. నడవలో ఈల వేసి తిట్లు కూడా తింది.

కాలేజీలో సినిమాలు తెర మీద వేసే రోజూ, ఇడియంగర ఆడవాళ్ళు పెళ్ళిగది చూడ్డానికి వచ్చే రోజూ ఒకటే అయ్యాయి.

"ఒక్క గంట వల్లిమ్మా. చూసి వచ్చేస్తాను."

"వాళ్ళొచ్చేసరికి గదిలో పిల్ల లేకపోతే ఏం చూస్తారు, గోడలా?"

"గోడలే చూస్తారు. నన్నెవరు చూస్తారు?"

వల్లిమ్మ లోపలికి వెళ్ళింది. పట్టుచీర తెచ్చి మంచం మీద పెట్టింది.

దాని బదులు కాలేజీకి ఎళాప్ప వెళ్ళాడు.

వచ్చినవాళ్ళు పరుపు నొక్కి చూశారు, బీరువా తెరిచి చూశారు, ఫలహారాలకి హాల్లోకి వెళ్ళారు. నేనూ తన్సీలా గదిలో మిగిలాం. అప్పుడు సందు వైపు కిటికీ ఊచల మీద ఎవరో తట్టారు. ఎళాప్ప. అదే తెల్లచొక్కా. నేను పరుగున వెళ్ళి సులైమాని తెచ్చి ఊచల్లోంచి అందించాను.

"చప్పట్లు కొట్టారమ్మా. మీ టీచరు లేచి నిలబడి కొట్టింది. నువ్వు ఇంక పాసే అంది."

"చివర్లో ఎవరైనా కదిలారా ఎళాప్పా?"

"నేను లేచి వెళ్ళిపోయాక కూడా గ్లాసునే చూపిస్తున్నావు కదా, పక్క కుర్చీలో కుర్రాడు 'అయిపోయిందా' అన్నాడు. 'ఉండు' అన్నాను. టీచరమ్మ అడిగింది, మీరు నటులా అని. కాదు, పుదియాప్లని అని చెప్పాను."

తన్సీలా నవ్వింది. కళ్ళు తుడుచుకుంటే కాటుక చెదిరింది. ఎళాప్ప దాని భుజం మీదుగా గదిలోకి చూశాడు. పిన్ని పోయాక ఆయన గది లోపల చూడటం అదే మొదలు.

"మంచం కిటికీ దగ్గరికి జరిపారా?"

"నేనే జరిపించాను. గాలి వస్తుందని."

"ఖదీశాబి కూడా జరపమనేది. నేనే జరపనివ్వలేదు." టీ తాగి, గ్లాసు కిటికీ గట్టు మీద పెట్టి, సందులోకి నడిచాడు.

హాల్లోంచి అడుగులు వినిపించాయి. పెళ్ళికొడుకు మేనత్త కాబోలు, గడప దగ్గర ఆగి తలుపు చెక్కని నిమిరింది. "పాతకాలం చెక్క! బాగా పడుతుందా?" అంటూ బయట నుంచి లాగి మూసింది. ఇంటి చప్పుడంతా ఒక్కసారిగా మాయమైంది.

తన్సీలా కిటికీ గట్టు మీది గ్లాసునే చూస్తూ, అరచెయ్యి మెల్లగా పైకెత్తింది.

నేను కదలలేదు.