మూడో దూరం

నిన్న డాబా మీద దండెం తెగిపోతే కొత్త కొబ్బరి తాడు కొనుక్కొచ్చాను. తడపగానే లేచిన ఆ పీచు వాసనకు, విజయనగరం కాలేజీ వరండాలో సన్యాసిరావు మాస్టారు నా చేత తాడు పట్టించిన గురువారం గుర్తుకొచ్చింది.

మాస్టారిది శ్రీకూర్మం దగ్గర రైతు కుటుంబం. భౌతికశాస్త్రాన్ని ఇంటి యాసలోనే చెప్పేవారు. నా పరిశోధన హీలియం పరమాణువు మీద. అందులో ఎలక్ట్రాన్లు రెండు. ఒకటి దగ్గరికొస్తే రెండోది తప్పుకుంటుంది. కాబట్టి కేంద్రకం నుంచి ఒక్కొక్కదాని దూరం చాలదు, ఆ రెండింటి మధ్య దూరం కూడా లెక్కలోకి రావాలి. "ఒకింట్లో తోటికోడళ్లమ్మా. ఒకర్తి వంటింట్లో ఉంటే ఇంకోర్తి పెరట్లో ఉంటాది. ఇద్దరి మధ్యా ఎడం సూడకుండా ఆ ఇంటి సంగతి ఏటి సెప్తావు?" అనేవారు.

సిద్ధాంత గ్రంథం సోమవారంలోగా ఇవ్వాలి, ఆ నెలతో స్కాలర్‌షిప్పు ఆఖరు. బుధవారం నా లెక్కలో శక్తి, ప్రయోగంలో కొలిచిన విలువకన్నా కిందికి దిగింది. ఎంత కిందికి దిగితే లెక్క అంత మంచిదన్న ఉత్సాహంలో, అందరినీ మించిపోయానని లడ్డూలు పంచాను. మాస్టారూ ఒకటి తిని గ్రంథం మీద సంతకం పెట్టేశారు.

మర్నాడు పొద్దున్నే తాడుతో వచ్చారు. అటెండరు అప్పన్నను వరండా మధ్యలో నిలబెట్టి, అతని చుట్టూ సుద్దముక్కతో మూడడుగుల దూరాన ఒక వలయం, నాలుగడుగుల దూరాన ఇంకొకటి గీశారు.

"ఒరే అప్పన్నా, నువ్వు కేంద్రకానివి. కదిలావంటే సూడు!"

"మరి కేంద్రకం టీ తాగొచ్చా బాబూ?"

చిన్న వలయం మీద నేను, పెద్దదాని మీద ఆయన, మధ్యలో తాడు. "గీత దాటకుండా మనిద్దరి మధ్యా పదడుగులు సెయ్యి, సూద్దాం."

ఎటు తిరిగినా ఏడు దాటలేదు. తాడు వదిలేసి నా కాగితాలు తిరగేశాను. ఆ మూడో దూరాన్ని నేను సున్నా నుంచి అనంతం దాకా పోనిచ్చి, త్రిభుజంగా కుదరని కొలతలను కూడా లెక్కలో కలిపేశాను.

"ఈ పద్ధతిలో జవాబు అసలు విలువకి పైనే ఉంటాదమ్మా, కిందికి దిగదు. నిన్ననే అడగాల్సింది నేను. నోట్లో లడ్డూ ఉండిపోనాది" అంటూ తన సంతకాన్ని తానే కొట్టేసి, నా పక్కకు కుర్చీ లాక్కున్నారు.

ఆదివారం దాకా ఇద్దరం ఒకరి కాగితం ఒకరు చూడకుండా లెక్క మళ్లీ వేశాం. రెండు చోట్లా −2.9024 వచ్చింది. అసలు విలువ −2.9037. పదివేలలో పదమూడు వంతుల తేడా.

"ఇది మామూలు జవాబే కదండీ" అన్నాను దిగులుగా.

"తేడా దాయకుండా రాయి. అది మనదే" అని మళ్లీ సంతకం చేశారు.

ఆయన పోయి పదకొండేళ్లు. నిన్న తాడు కట్టేముందు స్తంభాల మధ్య కొలిస్తే సరిగ్గా పదడుగులు వచ్చింది. అంత చక్కగా వచ్చింది కాబట్టి, మళ్లీ కొలిచాను.