చిలుకలకు గేముపెట్టె పాటలు

మా అక్క పొద్దుతిరుగుడు చేనును నేను సంగీతంతో సగానికి సగం నాశనం చేసిన వైనం చెబుతాను. నల్లమాడ చుట్టుపక్కల వాన రాక పోయిన చేలున్నాయి, బోరు ఎండి పోయిన చేలున్నాయి. గిటారు వల్ల పోయినది మాత్రం, నా లెక్క ప్రకారం, అదొక్కటే.

అప్పట్లో నేను డ్రిప్పు పైపుల లెక్కలు కట్టేవాణ్ణి. ఎవరూ నేర్పలేదు. చేను చూసి ఎంత పైపు పడుతుందో నోటితోనే చెప్పేవాణ్ణి. ఒకరోజు ఫోనులో మోటార్ల వీడియో చూస్తూ కునుకు తీశాను. లేచేసరికి ఫోను తనంతట తాను ఎక్కడికో పోయి, ఎవరో ఇద్దరు విదేశీయులు పాత వీడియోగేము పెట్టెను వాయిద్యంలా వాయిస్తున్న చోట ఆగి ఉంది. టింగుటింగుమంటూ, కీచుకీచుమంటూ, పిల్లల బొమ్మకారుకు చలిజ్వరం వచ్చినట్టుంది. నాకు ఒళ్లు పులకరించింది. అదే దారిన ఇంకాస్త పోతే, రేకుల షెడ్డులో తమ పాటలు తామే రికార్డు చేసుకునే గిటారు బ్యాండ్లు తగిలాయి. వాళ్లకు కంపెనీ లేదు, పేరు లేదు, వినేవాడు అసలే లేడు.

ఆ ఆఖరిదే నన్ను పట్టేసింది. పాట వినేవాళ్లు ఎంత తక్కువైతే అందులో నా వాటా అంత ఎక్కువ కదా. కొన్ని పాటలు దాదాపు మొత్తం నావే.

నేను ఈ మైకంలో ఉండగా అక్కాబావలు పెళ్లికని కొత్తచెరువు బయలుదేరారు. చేను గింజ పట్టి ఉంది. చిలుకల్ని తోలడానికి అక్క తన అరుపునే రికార్డు చేసి, చేను నడుమ కొయ్యకు కట్టిన మైకుపెట్టెలో వేసింది. పొద్దంతా అదే అరుస్తుంది.

"రేయ్ రామాంజీ, పెట్టెకు ఛార్జింగు పెట్టు, చాలు. లెక్కలు ఎయ్యొద్దు," అంది.

"ఇందులో లెక్కేముందక్కా?"

"లేని చోట గూడా నీకు కనపడతాది."

కనపడింది. రోజూ వినే అరుపుకు చిలుకలు అలవాటు పడిపోతాయి. అదే పుట్టి బుద్ధెరిగాక ఏ పిట్టా వినని శబ్దమైతే? లెక్కలో తప్పు లేదు, చిలుకలకు లెక్కలు రావు, అంతే. మైకుపెట్టెలోని మెమరీ కార్డులో గేముపెట్టె పాటలు ఎక్కించాను. పాటల మధ్య అక్క అరుస్తుంటే రసభంగమని ఆ అరుపు చెరిపేశాను.

గొర్రెల ఓబులేసు గట్టు మీద ఆగాడు.

"అన్నా, చేన్లో ఏమో రిపేరికొచ్చినట్టుండాదే."

"అది సంగీతమప్పా."

"ఎవురిది?"

"నీకు తెలీదులే. ఎవురికీ తెలీదు."

"తెలీకపోవడమే మేలు. అది సరే, చిలకలు యాడికీ పోలేదే?"

"బెదురుకోని కదల్లేకుండా ఉండాయి."

"ముక్కున గింజ పెట్టుకోని బెదురుతాయా అన్నా?"

గిటారు బ్యాండు పెట్టాను. పక్క చేనులోని చిలుకలు కూడా వచ్చాయి. ఆ బ్యాండుకు అంతమంది శ్రోతలు అంతకుముందెప్పుడూ వచ్చి ఉండరు. నేనే కేకలు వేస్తూ పరుగెత్తితే, అవి మర్యాదగా పక్క సాలుకు జరిగి భోజనం కొనసాగించాయి.

తిరిగొచ్చిన అక్క చేను చూసింది, పెట్టె చూసింది, నన్ను చూసింది.

"నా అరుపు యాడ?"

"చెరిపేసినానక్కా."

"ఎందుకు?"

"పాటకు అడ్డమొస్తాంటే..."

బావ ఖాళీ పువ్వొకటి తుంచి నా చేతికిచ్చాడు. "ఇంద, నీ బ్యాండోళ్లకు దండేయి."

"ఇంకా సగముండాది, అదన్నా దక్కల్ల," అంది అక్క, ఫోను తీసి. "మళ్లా రికార్డు చేస్తా. ఉత్తినే అరిస్తే రాదు, కోపం రావల్ల."

ఒక్కసారి నావైపు చూసింది. వచ్చింది.

"రేయ్ రామాంజీ, తలకాయుండాదా నీకు, ఏం మనిషివిరా నువ్వు" అని మొదలుపెట్టి, ఊపిరి తీసుకోకుండా చాలాసేపు అరిచింది. దాన్ని పెట్టెలో వేయగానే చిలుకలన్నీ ఒక్కుమ్మడిగా లేచిపోయాయి. మిగిలిన సగం చేను దక్కింది.

అంత బాగా పనిచేసేదాన్ని రైతులు వదులుతారా? ఊరూరా కాపీ చేసుకుపోయారు. ఇప్పటికీ పొద్దుతిరుగుడు గింజ పట్టే రోజుల్లో నేను బస్సులో పోతుంటే, దారికి రెండు పక్కలా చేలు నన్ను పేరు పెట్టి తిడుతుంటాయి.

కాబట్టి సకల జనుల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఎవరూ వినని పాటలను ఇకమీదట ఎవరికీ, రెక్కలున్నవాళ్లకైనా సరే, వినిపించను. ఇయర్‌ఫోన్లు పెట్టుకుని నేనొక్కణ్ణే వింటాను. బస్సులో అయితే, వీలైనంత గట్టిగా.