ఇంగ్లండు రాజుగారి పంపకాలకు మా తాతయ్య తీర్పు

నేను బి.ఏ. చదివే రోజుల్లో పాఠం పైకి చదివితే తప్ప బుర్రకెక్కేది కాదు. కొవ్వూరులో మా ఇల్లు కిరాణా కొట్టు వెనకాలే ఉండేది. తాతయ్య మధ్యాహ్నం భోంచేసి పడక్కుర్చీలో వాలగానే పక్కన కూర్చుని చరిత్ర పుస్తకం అందుకునేదాన్ని. ఆయనకు అదే జోలపాట. ఊళ్ళో వ్యాపారస్తుల ఇళ్ళలో అన్నదమ్ములు వేరు పడాలంటే పెద్దమనిషిగా ఆయనే కూర్చోవాలి గనక ఆ కునుకు ఆయనకు అవసరం కూడా.

ఎనభైల మొదట్లో ఒక రోజు ఇంగ్లండు పాఠం చదువుతున్నాను. సముద్రం దాటొచ్చి ఇంగ్లండును గెలిచిన రాజు చనిపోతూ ఆస్తి పంచాడు. అవతలి ఒడ్డున ఉన్న సొంత రాజ్యం పెద్దకొడుక్కి, గెలుచుకున్న ఇంగ్లండు రెండోవాడికి. మూడోవాడికి వెండి ఇచ్చి ఊరుకున్నాడు.

తాతయ్య కళ్ళు తెరిచారు.

"ఆగవే. మూడోవాడికి సెంటు భూమి కూడా ఇవ్వలేదా?"

"లేదు తాతయ్యా."

"పంపకాలకి ఎవరు కూర్చున్నారు?"

"ఎవరూ లేరు. రాజుగారే చెప్పేశారు."

"అదీ సంగతి! తర్వాత కొట్టుకున్నారా?"

కొట్టుకున్నారు. రెండోవాడు వేటలో బాణం తగిలి పోయాడు. మూడోవాడు ఇంగ్లండు పట్టుకుని, తర్వాత పెద్దన్న రాజ్యమూ లాక్కుని, ఆయన్ని చెరలో పెట్టాడు. తాతయ్య లేచి కూర్చుని ఆ కుటుంబానికి మళ్ళీ పంపకాలు చేశారు. రెండు ఒడ్డులూ ఉమ్మడి. పెద్దవాళ్ళిద్దరూ ఏడాదికోసారి ఒడ్డు మార్చుకోవాలి. పడవలూ రేవులూ మూడోవాడివి.

"ఎవడికి కోపమొచ్చినా దాటాలంటే తమ్ముణ్ణి అడగాల్సిందే. ఇంక యుద్ధమెక్కడిదే? పరీక్షలో ఇలాగే రాయి."

ఆ సాయంత్రమే బట్టల కొట్టు అన్నదమ్ములు ముగ్గురూ వచ్చారు. వాళ్ళదీ ఇలాంటి పేచీయే. కొవ్వూరులో నాన్నగారి పాత కొట్టు, గోదావరికి అవతల రాజమండ్రిలో కొత్త కొట్టు. పెద్దవాళ్ళిద్దరూ చెరొకటీ తీసుకుని చిన్నవాడికి రొక్కం ఇస్తామంటారు. చిన్నవాడు ఒప్పుకోడు. ఒకరితో ఒకరు మాటలు మానేసి ముగ్గురూ మా గోడతో మాట్లాడుతున్నారు.

తాతయ్య మజ్జిగ ఇప్పించి, "నాకు తెలిసిన కుటుంబం ఒకటుందండి. నీళ్ళకి ఇటు కొంత ఆస్తి, అటు కొంత ఆస్తి" అని మొదలుపెట్టారు. ఇంగ్లండు మాట ఎత్తలేదు, రాజు మాటా ఎత్తలేదు.

చెర దాకా వచ్చేసరికి పెద్దాయన కుర్చీ అంచుకు వచ్చేశాడు.

"సొంత అన్నని జైల్లో పెట్టించాడాండీ? వాడు మనిషేనా?"

"వెండి చేతిలో పెట్టి పొమ్మంటే ఏం చేస్తాడు మరి?" అన్నాడు చిన్నవాడు. చాలా రోజుల తర్వాత అన్నగారి మొహం చూసి అతను అన్న మొదటి మాట అది.

రెండోవాడి మనసు బాణం దగ్గరే ఆగిపోయింది. "అది ఎవరేశారండీ?" అని మెల్లగా అడిగాడు.

"తేలలేదండి. తమ్ముడు ఆ దగ్గర్లోనే ఉన్నాడంటారు."

రెండోవాడు తన కుర్చీని చిన్నవాడికి కాస్త ఎడంగా జరుపుకున్నాడు.

అప్పుడు తాతయ్య మధ్యాహ్నం చేసిన తీర్పే చెప్పారు. రెండు కొట్లూ ఉమ్మడి, ఏడాదికోసారి మార్పు. సరుకు కొనడం, వంతెన దాటించడం చిన్నవాడి పని. దీపాలు పెట్టే వేళకి ముగ్గురూ సరేనన్నారు.

వెళ్ళబోతూ పెద్దాయన గుమ్మంలో ఆగాడు.

"ఆ మూడో అబ్బాయికి పెళ్ళయిందాండీ? కోపిష్టే గానీ గట్టివాడు. పెనుగొండలో మా మావయ్యగారమ్మాయి ఉంది."

తాతయ్య నా వైపు చూశారు. నేను నేల చూపులు చూశాను.

"కుదరదులెండి," అన్నారాయన. "వాళ్ళింట్లో నీచు తింటారు."

"అయ్యయ్యో, మనవాళ్ళే అనుకున్నానండీ!"

ఆ ఏర్పాటు చాలా ఏళ్ళు నడిచింది. పిల్లలు పెద్దయ్యాక కొట్లు విడిపోయాయి గానీ ముగ్గురూ మాట్లాడుకుంటూనే విడిపోయారు. చిన్నాయన తణుకులో సొంత కొట్టు తెరిచిన రోజు అన్నలిద్దరూ ఒకే కారులో వెళ్ళారు, రిబ్బను ఎవరు కత్తిరించాలో దారంతా వాదించుకుంటూ.