సొరబుర్రలో అంబలి

పాపకు పాలు పడవని తేలాక ఇంటిల్లిపాదీ పాలూ పెరుగూ మానేశాం. ఎక్కడికెళ్లినా "కొంచెమైతే ఏం కాదులే" అనేవాళ్లే. అరకు నుంచి పాడేరు వెళ్లే బస్సులో, పక్క సీట్లోని పెద్దావిడ ఎండు సొరబుర్రలోంచి చోడి అంబలి, అంటే రాగి జావ, గ్లాసులో పోసి పాపకు అందించింది.

"మజ్జిగ కలిపారా?" గ్లాసుకు చెయ్యి అడ్డం పెట్టాను.

ఆవిడ పకపకా నవ్వింది. "మజ్జిగేటమ్మా! మా ఊర్లో ఆవుని పితకం. పాలు దూడవే."

పాప సీట్లోంచి లేచి నిలబడింది. "ఊళ్లో ఎవరూ పాలు తాగరా?"

"ఎవులూ తాగరే గుంటా!"

"అమ్మా, ఊరంతా నాలాగే!" బస్సంతా వినపడేలా అరిచింది. నాకూ అరవాలనిపించింది.

గడగడా తాగేసి గ్లాసు మళ్లీ చాపింది. ఏది తాగబోయినా ముందు నా మొహం చూసే పిల్ల, ఆ రెండో గ్లాసుకి నావైపు తిరగనే లేదు.