తార్నాకలో నూరు డాలర్లు, ఓడలో డెబ్బై ఎనిమిది

ఓడ ప్రయాణం గురించి రాసేవాళ్ళు సముద్రంతో మొదలుపెడతారు. మా ప్రయాణం లాలాగూడలో టీ కొట్టు దగ్గర మొదలైంది. చెల్లె మమత హోటల్ మేనేజ్‌మెంట్ చదివి, సింగపూర్ నుంచి తిరిగే ఒక ఓడలో బేకరీ పనికి చేరింది. నాయిన రైల్వే వర్క్‌షాపులో టర్నరుగా చేసి రిటైరయ్యాడు. పొద్దున టీకి పోతే ఎవరో ఒకరు "బిడ్డ ఓడల ఏం పని జేస్తదన్నా?" అని అడిగేవాళ్ళు. రొట్టెలు చేస్తుందంటే "రొట్టెలకు గంత దూరం పోవాల్నా?" అని ఒకరి మొహం ఒకరు చూసుకునేవాళ్ళు. ఆ చూపు అర్థం ఏమిటో అందరికీ తెలుసు. నాయిన కొన్నాళ్ళు ఊరుకున్నాడు. తర్వాత టీకి పోవడం మానేశాడు. ఒకరోజు నాతో "అది పని జేసే జాగ నేను కండ్లతోటి చూడాలె" అన్నాడు.

వర్క్‌షాపులో ఆయుధపూజ నాడు గేట్లు తెరిచి ఇళ్ళవాళ్ళను లోపలికి రానిచ్చేవాళ్ళు. నాయిన నడిపే లేతు మిషనుకు చిన్నప్పుడు బొట్టు పెట్టింది మేమే. ఓడలో కూడా అలాంటి రోజొకటి ఉంటుందని ఆయన గట్టిగా నమ్మాడు. మమత ఫోనులో నవ్వింది. "గట్లుండదు నాయినా. కిచెన్లకు బయటోళ్ళను రానియ్యరు. నన్ను చూడాలంటే ఓడ ఆగినకాడ ఒడ్డుమీద కలుస్తా. జాగ చూడాలంటే పైసలు కట్టి టూర్ తీసుకోవాలె. గంతే." ఓడ లోపలి పనిచోట్లు తిప్పి చూపించే ఆ టూరుకు మనిషికి తొంభై ఐదు డాలర్లు. పదహారు మందికి మించి తీసుకుపోరు.

అప్పుడే తార్నాకలో ఒక ట్రావెల్ ఏజెంటు కరపత్రం దొరికింది. మూడు రాత్రులు, ఇద్దరికి ఒక క్యాబిన్, దాంతోపాటు నూరు డాలర్ల ఆన్‌బోర్డ్ క్రెడిట్. ఈ క్రెడిట్ అంటే చేతికిచ్చే నగదు కాదు. క్యాబిన్ పేరు మీద ఓడ ఖాతాలో వేస్తారు, ఓడలోనే ఖర్చు పెట్టుకోవాలి, మిగిలితే దిగేటప్పుడు పోతుంది. నూరులో తొంభై ఐదు పోతే నాయిన లోపలికి పోవచ్చు, నేను బయట ఉంటాను. నేను ఏసీలు బాగుచేసే పనివాణ్ణి. ఇంగ్లీషు నేర్చుకున్నది మిషన్ల మాన్యువళ్ళు చదివే. పాస్‌పోర్టులు తీసి, దాచిందంతా రూపాయల్లో కట్టాం.

బయలుదేరడానికి మూడు రోజుల ముందు, సాయంత్రం ఇంటర్నెట్ సెంటర్లో కూర్చుని ఓడవాళ్ళ వెబ్‌సైటులో టూరు బుక్ చేయబోయాను. మా ఖాతాలో నూరు లేదు. డెబ్బై ఎనిమిది చిల్లర ఉంది. మిగతాది విదేశాల్లో చెల్లే కార్డుతో కట్టమంది. అలాంటి కార్డు మా ఇంట్లో ఎవరికీ లేదు. ఖాళీ సీట్లు రెండు కనిపిస్తున్నాయి. ముందస్తు బుకింగు మరునాడు సాయంత్రంతో ఆఖరు. ఓడ ఎక్కాక కడదామంటే అప్పటికి సీటు ఉండాలి కదా.

పొద్దున్నే నాయినా నేనూ బయలుదేరాం. తెలంగాణ కోసం సకల జనుల సమ్మె జరుగుతున్న రోజులు. బస్సులు లేవు. లాలాగూడ నుంచి తార్నాకకు మామూలుగా షేర్ ఆటోలో ఐదు రూపాయలు. ఆటో అతను ఇరవై అన్నాడు.

"ఇరవయ్యా? గీడికి?"

"పొద్దుగాల నుంచి గ్యాస్ లైన్ల నిలబడ్డ అన్నా. సరే, జై తెలంగాణ అను, పదిహేను ఇయ్యి."

అన్నాను. నాయిన ముందుకు వంగి "నేను గూడ అంటే?" అని అడిగాడు.

"పెద్దాయనా, ఆఫర్ బండికి ఒక్కసారే."

తార్నాకలో ఏజెంటు జోసెఫ్ గారి ఆఫీసు ఇంటి ముందు గదే. ఆయనది గుంటూరు వైపు, ఇరవై ఏళ్ళ కింద వచ్చి స్థిరపడ్డారు. షట్టరు సగం దించి, దానిమీద జై తెలంగాణ స్టిక్కరు అంటించి కూర్చున్నారు. కరెంటు లేదు. బొగ్గు గనులు కూడా సమ్మెలో ఉండటంతో ఆ రోజుల్లో పగలంతా కోతలే. నేను కరపత్రం బల్లమీద కొట్టాను.

"నూరు డాలర్లని రాసిన్రు గద సార్. డెబ్బై ఎనిమిది ఏంది?"

ఆయన కళ్ళజోడు పెట్టుకుని తన కరపత్రాన్నే కొత్తగా చూసినట్టు చూశారు. "అదేంటండీ" అని సింగపూర్ ఆఫీసుకు ఫోను చేశారు. అవతలివాళ్ళు చెప్పింది ఇది. మేం రూపాయల్లో కట్టినా, ఆయన మా టికెట్టు తీసుకున్నది సింగపూర్ ఆఫీసు నుంచి, వాళ్ళ డాలర్లలో. కాబట్టి మాకిచ్చిన క్రెడిట్టూ నూరు సింగపూర్ డాలర్లే. ఓడ లోపల ఖాతా నడిచేది అమెరికా డాలర్లలో. టూరు ధరా అందులోనే. మార్చేసరికి నూరు డెబ్బై ఎనిమిదైంది. అమెరికా డాలర్లలో టికెట్టు తీసుకున్నవాళ్ళకు మాత్రం నూరు నూరుగానే ఉంటుంది.

"డాలర్లనే కదండీ రాశాను. అమెరికావని రాయలేదుగా" అన్నారు ఆయన.

"సింగపూర్‌వని గూడ రాయలె. తెలిసినోళ్ళకు ఒక లెక్క, మా అసొంటోళ్ళకు ఒక లెక్కనా? మీ ఆంధ్రోళ్ళు ఎప్పుడూ..."

"చూశారా, ఇందులోకి అదెందుకు బాబూ? నాకే తెలియదంటుంటే!"

నాయిన నా భుజం మీద చెయ్యి వేశాడు. "ఊకో. సీటు పోయినంక నీ కోపాన్ని నేనేం జేసుకోవాలె?" తర్వాత ఆయన వైపు తిరిగి, టీ కొట్టు దగ్గరి మాటలు, లేతు మిషను, ఆయుధపూజ, అన్నీ చెప్పాడు. ఎవరికీ అంతసేపు చెప్పగా నేను చూడలేదు. జోసెఫ్ గారు అంతా విని, ఒక దారి ఉందన్నారు. ఏజెంటు తన కార్డుతో ప్రయాణికుల క్యాబిన్‌కు క్రెడిట్ కానుకగా వేయొచ్చు. అన్నిటికంటే చిన్నది ఇరవై ఐదు అమెరికా డాలర్లు.

"కానుక వద్దు సార్. ఇయ్యాల్టి రేటు చెప్పున్రి, రూపాయలిస్తం" అన్నాడు నాయిన.

ఆయన చెప్పిన రేటు పేపర్లో ఉన్నదానికంటే రెండు రూపాయలు ఎక్కువ. కార్డువాళ్ళు అలాగే కోస్తారన్నారు. నేను మళ్ళీ మొదలుపెట్టాను. కరపత్రం మీది, తప్పు మీది, పైసలు మావా? చివరికి సగం ఆయన, సగం మేము అని తేలింది. కార్డుతో కట్టాలంటే కంప్యూటర్ నడవాలి, కరెంటేమో ఇంకా రాలేదు. సాయంత్రం దాకా రాదన్నారు.

తార్నాక పక్కనే ఉన్న యూనివర్సిటీ క్యాంపస్‌లో నా దోస్తు యాదగిరి రీసెర్చ్ చేస్తున్నాడు. క్యాంపస్‌ను ఆనుకున్న మాణికేశ్వర్ నగర్ బస్తీ పిల్లగాడే. వాళ్ళ డిపార్ట్‌మెంటు గదికి ఇన్వర్టర్ ఉంది. ముగ్గురం నడిచి వెళ్ళాం. గేటు దగ్గర ఇనుప జాలీల వెనక పోలీసులు ఆపారు. నాయిన రైల్వే పెన్షన్ కార్డు చూపిస్తే వదిలారు. లోపల దీక్షా శిబిరంలో డప్పు మోగుతోంది. జోసెఫ్ గారు నా చెవిలో "ఇక్కడ నన్ను మాట్లాడించకు బాబూ, నా మాట విన్నారంటే..." అన్నారు. దారంతా మూగవాడిలా నడిచారు. ఎవరైనా పలకరిస్తే తల ఊపారు.

యాదగిరి కంప్యూటర్ ఆన్ చేసి మమ్మల్ని ఎగాదిగా చూశాడు. "గీడ మేము లాఠీలు తింటుంటే మీకు ఓడల షికారా రా?" అన్నాడు. తర్వాత కార్డు నంబరు అడిగాడు. జోసెఫ్ గారు నోరు విప్పక తప్పలేదు.

"సార్‌ది ఏ ఊరు?"

"తార్నాకండీ."

"పుట్టింది తార్నాకలనేనా?"

"మా పిల్లలు పుట్టారండీ."

యాదగిరి ఫక్కున నవ్వి "అయితే నంబరు జెర మెల్లగ చెప్పున్రి, ఆగమైతది" అన్నాడు. క్రెడిట్ ఖాతాలో కనిపించడానికి దాదాపు గంట పట్టింది. రెండు సీట్లలో ఒకటే మిగిలింది. అది నాయిన పేరు మీద ఖాయమైంది.

విమానం, ఓడ ఎక్కడం, సముద్రం గురించి వేరేవాళ్ళు చాలా రాశారు. రెండో రోజు పొద్దున టూరువాళ్ళు నాయినకు తెల్లకోటు, తలకు జాలీ టోపీ ఇచ్చి ఇనుప తలుపులోంచి లోపలికి తీసుకుపోయారు. నేను బయట నిలబడ్డాను. గంటన్నర తర్వాత తిరిగొచ్చి "మంచిగనే ఉన్నది" అన్నాడు, అంతే. మిగతాది మరునాడు ఓడ ఆగినచోట మమత చెప్పింది. డ్యూటీలో ఉన్నవాళ్ళు టూరువాళ్ళతో సొంత మాటలు మాట్లాడకూడదట. అతిథులందరికీ పొయ్యిలోంచి తీసిన బన్నులు ఇవ్వడం ఆమె వంతుకే వచ్చింది. పళ్ళెం పట్టుకుని ఒక్కొక్కరినే దాటుతూ నాయిన ముందుకొచ్చి, ఇంగ్లీషులో "జాగ్రత్త సార్, వేడిగా ఉంది" అందట. నాయిన బన్ను రెండు చేతులా తీసుకుని "థాంక్యూ మేడమ్" అన్నాడట. అది చెప్తూ మమత ఏడ్చింది. నాయిన పక్కకు తిరిగి ఓడ వైపు చూస్తూ నిలబడ్డాడు.

నా కోపం పోలేదు. ఒక అంకె రాసి పక్కన దేశం పేరు రాయకపోవడం మోసమా, తెలియనితనమా అన్నది ఇప్పటికీ తేల్చుకోలేదు. జోసెఫ్ గారి విషయంలో తెలియనితనమే అనుకుంటాను. ఆయనకు ఆ ఆఫర్ పంపిన సింగపూర్ ఆఫీసువాళ్ళకు మాత్రం తెలిసే ఉంటుంది. రూపాయి రోజురోజుకీ పడిపోతున్న కాలంలో, ఒకే ఓడలో, ఒకే రకం గదిలో ఉన్న ఇద్దరికి ఒకే నూరు రెండు రకాలుగా చెల్లింది. ఆ తేడా ఇరవై రెండు డాలర్లు. ఉన్నవాళ్ళకు అది రెండు గ్లాసుల మందు ఖర్చు. మా ఇంట్లో అది ఒక తలుపు. ఊరికి వచ్చాక నాయిన మళ్ళీ టీ కొట్టుకు పోతున్నాడు. ఎవరూ అడగకపోయినా ఆ పొయ్యి ఎంత పొడుగుందో చేతులు చాపి చూపిస్తున్నాడు.

వెళ్ళబోయేవాళ్ళకు ఒక్క మాట: డబ్బు కట్టకముందే క్రెడిట్ ఏ దేశం డాలర్లలో ఇస్తున్నారో, ఓడ ఖాతా ఏ దేశం డాలర్లలో నడుస్తుందో రెండూ అడిగి రసీదు మీద రాయించుకోండి.