టార్మో కూర్చుని చూసిన లిస్బన్

కూర్చోడానికి చోటు కనబడితే టార్మో నిలబడలేడు. వయసు ఇరవై ఒకటి, ఎత్తు ఆరడుగుల మూడంగుళాలు, కాళ్ళు అచ్చం కొంగకాళ్ళు. ఎస్తోనియా నుంచి పోర్చుగల్‌లోని కొయింబ్రాకు చదువుకోడానికి వచ్చాడు. చదువు సంగతి దేవుడెరుగు, ఊళ్ళో బెంచీలన్నీ అరగదీశాడు.

ఈ ఖర్మ అందరికంటే ఎక్కువ అనుభవించింది అతనికి గది అద్దెకిచ్చిన దోనా ఎర్మీనియా. డెబ్బై నాలుగేళ్ళావిడ. సంచి మోస్తానని ఆవిడ వెంటబడి బజారుకు వచ్చేవాడు. వంద అడుగులు వెయ్యగానే ఏ చర్చి మెట్టో, ఏ పిట్టగోడో చూసుకుని చతికిలబడేవాడు. సంచి అతని దగ్గరుంది, వదిలేసి పోతే అందులో ఉప్పుచేప పోతుంది. కాబట్టి ఆవిడా పక్కనే కూలబడి తిట్టేది. చేపలవాడు టార్మోకు "సోఫా" అని పేరు పెట్టాడు. పిలిస్తే పలికేవాడు కూడా.

ఇలా ఉండగా ఆవిడ అక్క సెలస్తీనాకు ఆ ఆదివారంతో ఎనభై నిండుతున్నాయి. అక్క ఉండేది లిస్బన్‌లో, గ్రాసా కొండ మీద, లిఫ్టు లేని మేడలో నాలుగో అంతస్తు. ఎర్మీనియా అటు వెళ్ళి ఆరేళ్ళయింది. ఏటా ఏదో సాకు: ఓ ఏడు పిల్లి ఈనింది, ఓ ఏడు గోడలకు సున్నం, మరో ఏడు మళ్ళీ అదే పిల్లి. మోకాళ్ళు అన్న మాట మాత్రం ఆవిడ నోట ఎవరూ వినలేదు. ఈసారి కూడా రాకపోతే ఇక నీ మొహం చూడనని అక్క తేల్చి చెప్పేసింది.

బుధవారం నాడు టార్మో రాజధాని చూసొస్తానని బయల్దేరాడు. తోడొస్తామన్న క్లాసు పిల్లల్ని వద్దన్నాడు, ఒక్కడే వెళ్తాడట. పనిలో పని, తనకు ఆదివారం కుదరదని అక్కతో చెప్పి రమ్మంది ఎర్మీనియా. స్వయంగా చెప్పే ధైర్యం ఆవిడకెక్కడిది?

సాయంత్రం రైలు దిగి వచ్చాడు. కోట చూశావా అంటే, బయట బెంచీకి ఆనుకునే వీల్లేదన్నాడు. నది ఒడ్డు బురుజు మరీ దూరమట, దారిలో కూర్చునే చోటే లేదట. ట్రామెక్కాడు గాని సీటు దొరక్క రెండో స్టాపులోనే దిగిపోయాడు. దిగువ బజారులో ఓ పాత మేడలో మాత్రం ఊరివాళ్ళు వాడుకునే లిఫ్టుందట. కింద ఎక్కితే సగం కొండ మీద తేలతాం. దాన్ని పదకొండుసార్లు ఎక్కాడు.

"రెండువేల ఏళ్ళ ఊరికి పోయి లిఫ్టెక్కి వచ్చావా?"

"బెంచీలు కూడా ఉన్నాయండీ, పద్నాలుగు. తొమ్మిదింటికి నీడుంది."

మరి అక్కతో చెప్పమన్న మాటో? మర్చిపోయాడట. ఆవిడ తిట్లు లంకించుకునేలోగా ఫోన్ మోగింది. అక్కే.

"ఏమే, ఎవర్నే పంపించావు? గ్యాసువాడు బండ కిందే దించి పోతే, మీవాడు భుజానేసుకుని నాలుగంతస్తులూ పరుగున ఎక్కాడు. రొప్పనైనా లేదు."

"మా టార్మోనా?"

"ఇంకెవడు? ఆ తర్వాత ప్రతి అంతస్తులోనూ తలుపు కొట్టి, ఆదివారం మెట్ల దగ్గర ఓ కుర్చీ వెయ్యమని బతిమాలాడు. ఎందుకయ్యా అని మూడో అంతస్తావిడ అడిగితే, కూర్చోకపోతే మెట్లెక్కలేని జబ్బుందన్నాడట, తనకి. బండతో ఎక్కడం ఆవిడ కళ్ళారా చూసిందే."

ఎర్మీనియాకు ఎనిమిది నెలలుగా బజారు దారిలో తిట్టిన తిట్లన్నీ వరసగా గుర్తొచ్చాయి. తిట్టడానికి కూర్చున్న ప్రతిసారీ తన కాళ్ళు ఎంత తేలికపడ్డాయో కూడా గుర్తొచ్చింది. ఆ దొంగ వంటింట్లో తీరిగ్గా సూప్ జుర్రుకుంటున్నాడు.

"ఏమే, ఉన్నావా?"

"ఆదివారం వస్తున్నానే," అంది. "భోజనం కాస్త ఆలస్యంగా పెట్టు. నాతో వచ్చేవాడు నడవలేడు."

ఆదివారం నాడు గ్రాసా దారిలో ఆరో బెంచీ మీద ఓ పెద్దాయన పక్కకు జరిగి ఇద్దరికీ చోటిచ్చాడు. ఇంత చిన్న వయసులో ఈ కుర్రాడికి ఏమొచ్చిందమ్మా అని తెగ జాలిపడ్డాడు.

ఎర్మీనియా ఊపిరి కూడదీసుకుంది. "వాళ్ళ దేశంలో కొండల్లేవండీ," అంది. "పాపం, మోకాళ్ళు ఎదగవు."

టార్మో వినయంగా మూలిగాడు.